బూట్ల నర్సమ్మ

మొన్న ఆదివారం మా ఇంట్లో బూట్ల మీద పెద్ద పంచాయితీ జరిగింది. మా చిన్నవాడికి ఒక గోదాములో ఉద్యోగం వచ్చింది. రోజంతా సిమెంటు నేల మీద నిలబడి, తిరిగి చేసే పని. నెల తిరక్కుండానే మడమలు పట్టేసి కుంటుకుంటూ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఎవరో చెప్పారని మంచి తోలు బూట్లు చూసుకొచ్చాడు. ధర వినగానే మా ఆయన ఒంటికాలి మీద లేచారు. ఆ డబ్బుకి ఎన్ని జతల మామూలు బూట్లు వస్తాయో లెక్క చెప్పడం మొదలుపెట్టారు. పిల్లవాడు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా, అంత పెట్టి కొనడం దండగా?" అన్నాడు. నేను ఒలుస్తున్న చిక్కుడుకాయల పళ్ళెం కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

"ఇప్పుడు ఈవిడకి కోపం ఎందుకొచ్చింది?" అని మా ఆయన అనడం వినిపిస్తూనే ఉంది. ఎందుకు రాదు? ఇదే ప్రశ్న నా పదేళ్ళ వయసులో మా ఇంట్లో నడిచింది. ఇవే లెక్కలు, ఇవే మాటలు. జవాబు కూడా అప్పుడే దొరికింది. ఆ జవాబు పైకి చెప్పాలంటే మాత్రం నాకు నోరు రాదు. అందుకని కాగితం తీసుకున్నాను.

అప్పుడు మేము తెనాలిలో ఉండేవాళ్ళం. కాలవ దగ్గర సందులో రెండు గదుల అద్దె ఇల్లు. నాన్న బియ్యం మిల్లులో గుమస్తా. ఆయన చొక్కా ఎప్పుడు చూసినా తవుడు వాసన వేసేది. అమ్మ నర్సు. నర్సంటే తెల్లచీర కట్టుకుని ఫ్యాను కింద తిరిగే ఆసుపత్రి నర్సు కాదు. రేపల్లె వైపు మూడు పల్లెలు అమ్మ కింద ఉండేవి. పొద్దున్నే చద్దన్నం తిని, రేపల్లె పాసింజరెక్కి, మధ్యలో ఒక చిన్న స్టేషన్లో దిగేది. అక్కణ్ణించి కాలవ కట్ట మీద నడక. ఒక భుజాన సంచిలో మాత్రలు, రిజిస్టర్లు. ఇంకో భుజాన టీకా మందుల ఐసుపెట్టె. గడప గడపకూ వెళ్ళి కడుపుతో ఉన్నవాళ్ళని చూడాలి, పసిపిల్లలకి టీకాలు వేయాలి, జ్వరాలు రాసుకోవాలి. సాయంత్రం మళ్ళీ అదే కట్ట, అదే రైలు.

రైలు దిగి ఇంటికి వచ్చేసరికి అమ్మకి గుమ్మం దాటే ఓపిక కూడా ఉండేది కాదు. మెట్టు మీదే కూలబడి కాళ్ళు చాపేది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చేదాన్ని. మడమలు బీటలు వారి, బీటల్లో నల్లమట్టి పట్టి ఉండేది. కాచిన ఆముదం పగుళ్ళలో వేస్తే పళ్ళు బిగపట్టి "స్స్" అనేది. హవాయి చెప్పులు ఆవిడకి రెండు నెలలు కూడా ఆగేవి కావు. బురదలో దిగబడితే బొటనవేలి దగ్గర పట్టీ ఊడొచ్చేది. దానికి పిన్నీసు గుచ్చి ఇంకో పది రోజులు లాగేది. ఆ పిన్నీసు ఊడి పాదంలో గుచ్చుకోవడం ఇంకో సంబరం.

బూట్ల ఆలోచన పెట్టింది మా అమ్మమ్మ. ఆవిడది బాపట్ల. బడిలో ఆయాగా చేసి మానేసిన మనిషి, మాట కరుకు. క్రిస్మస్ సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మ కాళ్ళు చూసి అగ్గిమీద గుగ్గిలమయింది. "ఊళ్ళో వాళ్ళందరికీ మందులు రాస్తావు, నీ కాళ్ళు నీకు కనపడవా ఏంటే? మగాళ్ళేసుకునే బూట్లు కుట్టించుకో. ఎవడేమనుకుంటే నీకేంటి?" అని తగులుకుంది. తగులుకుని ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని, స్టేషనుకి పోయే దారిలో ఉన్న చెప్పుల కొట్టుకి తీసుకెళ్ళింది.

అది కొట్టంటే కొట్టు కాదు, రేకుల పంచ. లోపల నానబెట్టిన తోలు వాసన, మైనం వాసన, పక్కనే పొయ్యి మీద కాగుతున్న టీ వాసన కలిసి ఉండేవి. కుట్టే ఆయన ముసలాయన. కళ్ళద్దాలకి ఒక పక్క దారం కట్టి ఉండేది. కాలేజీ మేష్టర్లకి, రైలు గార్డులకి ఆయనే బూట్లు కుట్టేవాడు. ఆయన కుట్టిన జత పదేళ్ళు వస్తుందని బాపట్లలో పేరు. అమ్మని పాత పేపరు మీద నిలబడమని, పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. "ఆడమనిషికి బూట్లు కుట్టడం ఇదే మొదలమ్మా" అని నవ్వి ఒక్కొక్కటీ అడిగాడు.

"ఏం పని తల్లీ?"

"నడకండి బాబాయిగారూ. కాలవ కట్టల మీద."

"రోజుకెంత నడుస్తావు?"

"ఏడెనిమిది మైళ్ళుంటుందండి."

"బురదలోకి దిగుతావా? బరువు మోస్తావా?"

"వానాకాలం బురదేనండి. రెండు భుజాలా సంచులుంటాయి."

ఆయన తలూపి, "అయితే చీలమండ దాకా రావాలి, లేసులుండాలి, పాదం లోపల కదలకూడదు" అన్నాడు. ధర చెప్పాడు. అమ్మ ముఖం పాలిపోయింది. అమ్మమ్మ మాత్రం, "కుట్టు అన్నయ్యా" అనేసింది.

ఎన్ని ప్రశ్నలడిగాడు! ఒక్కటి తప్ప అన్నీ అడిగాడు. రోజుకి ఎన్నిసార్లు విప్పాలి అని ఆయన అడగలేదు, అమ్మ చెప్పలేదు, ఊళ్ళో అందరికీ సలహాలిచ్చే మా అమ్మమ్మకీ తట్టలేదు. ఎవరికి తడుతుంది? ఎవరింటికి వెళ్ళినా గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళడం మనకి ఎంత అలవాటంటే, అది ఒక పని అని కూడా అనుకోం.

తెనాలి వచ్చాక ఇంట్లో మూడు రోజులు గొడవ. "ఆ డబ్బుతో నీ రిటైర్మెంటు దాకా చెప్పులు కొనచ్చు" అన్నాడు నాన్న. "చెప్పులు కొనచ్చండీ, కాళ్ళు కొనలేంగా" అంది అమ్మ. అమ్మ నాన్నకి ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. నాకు భలే ముచ్చటేసింది. మూడు వారాలకి బూట్లు వచ్చాయి. ముదురు గోధుమ రంగు, ఆరు జతల కన్నాలు, దళసరి అడుగు. ఆ రోజు నాన్న మిల్లు నుంచి వచ్చి బూటు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేశాడు.

మొదటి రోజు సాయంత్రం అమ్మ రావలసిన రైలుకి రాలేదు. తర్వాతి రైలుకి వచ్చింది. కాళ్ళు నొప్పి లేవు. కట్ట మీద నడుస్తుంటే ఎగిరినట్టుందని చెప్పింది. అంతా బాగానే ఉంది, ఊళ్ళోకి వెళ్ళాకే తంటా. ఒక్కో గడప దగ్గర ఐసుపెట్టె దించి, సంచి దించి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మెట్టు మీద కూర్చుని లేసులు విప్పాలి. లోపలికెళ్ళి పిల్లకి చుక్కలు వేసి, మళ్ళీ వచ్చి కూర్చుని లేసులు కట్టుకోవాలి. పక్కిల్లు అయిదడుగుల దూరం. అక్కడ మళ్ళీ విప్పాలి. రోజుకి ముప్పై గడపలు! మధ్యాహ్నానికి నడుము విరిగిపోయిందట.

ఆ ఊళ్ళో ఒక పెద్ద అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉండేవాడట. "ఏమ్మా నర్సమ్మా, పోలీసు ఉజ్జోగం ఇచ్చారా ఏంటి?" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారట. ఆ వీధిలో మా కులంవాళ్ళు కాళ్ళకి చెప్పులేసుకుని నడిస్తేనే చూపులు మారిపోయేవి. ఆ సంగతి అమ్మ నాకు అప్పుడు చెప్పలేదు, పెద్దయ్యాక నేనే అర్థం చేసుకున్నాను. "లేదండి, నడవలేకపోతున్నానండి" అని చెప్పి ముందుకు వెళ్ళిపోయిందట. వారం తిరక్కుండా మూడు ఊళ్ళలోనూ అమ్మ పేరు బూట్ల నర్సమ్మ అయిపోయింది.

అప్పుడు అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. ఆ ఉపాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల బాదుకోవాలనిపిస్తుంది. కట్ట మీద బూట్లతో నడిచేది. ఊరు రాగానే బడి గోడ దగ్గర కూర్చుని బూట్లు విప్పి, తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకునేది. ఊరంతా వట్టి కాళ్ళతో తిరిగేది. తుమ్మకంప, గాజుపెంకులు, పేడ, మురుగు అన్నీ ఉండేది ఊళ్ళోనే కదా! ఇదివరకు కనీసం తెగిన చెప్పులైనా ఉండేవి. ఇప్పుడు జీతం డబ్బు పోసి కొన్న బూట్లు భుజాన మోస్తూ ఉత్తికాళ్ళతో నడిచింది.

"ఇంకో జత చెప్పులు కూడా తీసుకెళ్ళమ్మా" అన్నాను.

"ఆ సంచిలో ఇంకా ఎక్కడ పెట్టనే? అయినా బూట్లు కొన్నాక మళ్ళీ చెప్పులకి డబ్బులడిగితే మీ నాన్న ఊరుకుంటారా?"

నాన్న నిజానికి ఏమీ అనేవాడు కాదు. పట్టుబట్టి కొనుక్కుని, ఇప్పుడు బాగాలేవని చెప్పడానికి ఈవిడకే అభిమానం. పోనీ బాపట్ల వెళ్ళి కుట్టినాయనకి చెప్పిందా అంటే అదీ లేదు. "మూడు వారాలు కూర్చుని కుట్టాడే పెద్దాయన. ఒక్క కుట్టు వంకర లేదు. తప్పుబడితే మనసు కష్టపెట్టుకోడూ?" అనేది. ఇదండీ మొహమాటం. ఎదుటివాడి మనసు నొచ్చుకుంటుందని మన కాలు కోసుకోవడం.

నా గొడవ నాది. ఆదివారం మా గుడికి అమ్మ ఆ బూట్లే వేసుకొచ్చింది. లూథరన్ గుడి అయినా మేమంతా చెప్పులు బయట విడిచే లోపలికి వెళ్ళేవాళ్ళం. మెట్ల దగ్గర చెప్పుల కుప్పలో ఆ బూట్లు రెండూ నిటారుగా నిలబడి ఉన్నాయి. ప్రార్థన అయి బయటికి వచ్చేసరికి ఒకడు వాటిలో కాళ్ళు దూర్చి, లెఫ్ట్ రైట్ అంటూ ఆవరణంతా కవాతు చేస్తున్నాడు. మిగతా వాళ్ళు వాడికి సెల్యూట్లు కొడుతున్నారు. నాతో చదివే పిల్లలే. మర్నాడు బడిలో నా పేరు కూడా బూట్ల నర్సమ్మ కూతురైంది. నేను ఇంటికొచ్చి ఒక లేసు ఊడబీకి బొంగరానికి చుట్టుకున్నాను. తెగిపోతుందేమోనని ఆశ. మైనం పట్టిన దారం, ఎక్కడ తెగుతుంది! బొంగరం మాత్రం అంత బాగా ఎప్పుడూ తిరగలేదు. అమ్మ చూసి వీపు విమానం మోత మోగించింది. ఆ తర్వాత గుడికి మాత్రం వేసుకు రావద్దని ఏడ్చి ఒప్పించుకున్నాను.

ఆ వేసవి సెలవులు నెల రోజులు బాపట్లలో అమ్మమ్మ దగ్గరే ఉన్నాను. ఆవిడ పొద్దున్నే దిబ్బరొట్టె కాల్చేది, అడుగు మాడితే ఆ మాడు కోసం నేను కాచుకుని ఉండేదాన్ని. మధ్యాహ్నం చింతచిగురు వేసి ఎండు మెత్తళ్ళు వండేది. సాయంత్రం సముద్రం వైపు నుంచి చల్లగాలి తిరిగేది. స్టేషను దారిలో కిళ్ళీకొట్టుకి నన్నే పంపేది, వక్కలు తెమ్మని. ఆ చిల్లరలో నేను నిమ్మతొనల బిళ్ళలు కొనుక్కుని, వక్కల ధర పెరిగిందని అబద్ధం చెప్పేదాన్ని. నా బాల్యంలో నాకు పూర్తిగా ఇష్టమైన నెల అది.

వానలు పడి నాట్లు మొదలయ్యాక ఒకరోజు అమ్మ కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. రెండో ఊళ్ళో, పిల్లలకి టీకాలు వేస్తూ తిరుగుతుంటే తుమ్మముల్లు దిగిందట. కుడిపాదం, చిటికెన వేలి కింద. అప్పుడు బూట్లు ఎక్కడున్నాయంటారా, భుజాన సంచిలో ఉన్నాయి. ముల్లు తనే పీకేసుకుని, టింక్చరు రాసుకుని, మిగిలిన గడపలు కూడా తిరిగి మరీ వచ్చింది. నాలుగు రోజుల్లో పాదం బూరెలా పొంగింది. వారానికి నల్లబడింది. గుంటూరు తీసుకెళితే షుగరుందని తేలింది. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఆవిడకే తెలియదు. చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేశారు.

నాన్న వరండాలో తల పట్టుకుని కూర్చున్నాడు. "వద్దని గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు ఒకసారి. "పోనీ ఊళ్ళో కూడా వేసుకుని తిరగమని గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు ఇంకోసారి. అమ్మమ్మ బాపట్ల నుంచి వచ్చి, మంచం పక్కన నిలబడి అందర్నీ తిట్టింది. ఆఖర్న తనని తానే తిట్టుకుని ఏడ్చింది.

పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఆఫీసులో పై అధికారి జాలిపడి, "ఇక తిరగొద్దమ్మా, ఇక్కడే కూర్చుని రిజిస్టర్లు రాసుకో" అన్నాడు. ఇంకెవరైనా అయితే దణ్ణం పెట్టేవాళ్ళు. అమ్మకి ఆ మాట చావు కబురులా వినిపించింది. ఆ మూడు ఊళ్ళలో ఏ పిల్లకి ఏ టీకా పడిందో, ఎవరికి ఎన్నో నెలో ఆవిడకి నోటికి వచ్చు. "కూర్చుంటే నేను నర్సునేంటండీ, గుమస్తాని" అని నాన్నతోనే అనేసింది. వచ్చే నెల నుంచి తిరగగలిగితే సరే, లేకపోతే ఆఫీసే అని అధికారి గడువు పెట్టాడు. చెప్పులు వేసుకుంటే వేళ్ళు లేని వైపు పాదం పక్కకి జారిపోయేది. చేసేది లేక బూట్లు సంచిలో వేసుకుని, నన్ను తోడు తీసుకుని బాపట్ల రైలెక్కింది.

ముసలాయన బూట్లు అందుకుని ముందు తిరగేసి అడుగు చూశాడు. కళ్ళద్దాలు పైకి తోసుకుని మళ్ళీ చూశాడు.

"ఏంటమ్మా ఇది? పది నెలలు నడిచిన మడమ ఇలా ఉంటుందా? సగం కూడా అరగలేదే! వీటిని మోశావా, వేసుకున్నావా?"

అమ్మ అప్పుడు చెప్పింది. గడపలు, లేసులు, బడి గోడ, తువ్వాలు, ముల్లు. తల వంచుకుని, తనే ఏదో నేరం చేసినట్టు చెప్పింది. చెప్పి, కుడికాలు చెప్పులోంచి తీసి చూపించింది.

ఆయన చాలాసేపు ఆ పాదం వంకే చూశాడు. తర్వాత ఆయనకి ఎంత కోపం వచ్చిందంటే, చేతిలో ఉన్న తోలు కుట్టే ఆరె విసిరికొట్టాడు. "ఒక్క ముక్క చెబితే ఏం పోయిందమ్మా నీకు! ఈ లేసులు కోసి పారేసి, రెండు పక్కలా సాగే పట్టీలు వేసి ఇచ్చేవాణ్ణి. కాలు ఇలా లాగితే వచ్చేసేది, ఇలా పెడితే దూరేది. పూట పని! పూట పని కోసం వేళ్ళు పోగొట్టుకుంటావా?"

"మీరు బాధపడతారని బాబాయిగారూ..."

"ఇప్పుడు సంతోషంగా ఉన్నానా?"

అమ్మ కాలు మళ్ళీ చెప్పులోకి దూర్చుకుంది. ఆయన ఒక్కసారిగా నా వైపు తిరిగాడు. "అయినా పాపా, ఎండాకాలం వక్కల కోసం వచ్చినప్పుడల్లా నిన్ను పిలిచి అడిగాను కదే? అమ్మకి బూట్లెలా ఉన్నాయి, ఎక్కడైనా ఇబ్బందా అని మూడుసార్లు అడిగాను. బ్రహ్మాండంగా ఉన్నాయి తాతా అన్నావు."

అడిగాడు. మూడుసార్లు అడిగాడు. బాగా ఉన్నాయనే చెప్పాను. అమ్మలా మొహమాటపడి కాదు. చెబితే ఆయన బాగు చేస్తాడు, బాగు చేస్తే అమ్మ రోజంతా వేసుకుంటుంది, మళ్ళీ గుడికి కూడా వేసుకొస్తుంది. సంచిలో ఉంటే ఎవరికీ కనపడవు. పదేళ్ళ బుర్రకి అంత లెక్క వచ్చింది, చూడండి.

అమ్మ నా ముఖం చూసింది. ఒక్క క్షణం చూసింది. అందులో ఆవిడకి అంతా తెలిసిపోయిందని నాకూ తెలిసిపోయింది.

"నేనే అలా చెప్పమన్నానండి" అంది అమ్మ. "పిల్లదేం చేస్తుంది?"

ఆవిడ నాకు ఎప్పుడూ అలా చెప్పమనలేదు. ఆయన నన్ను అడిగినట్టే ఆవిడకి తెలియదు.

ఆ సాయంత్రానికే బూట్లు తయారయ్యాయి. లేసులు పోయి పక్క పట్టీలు వచ్చాయి. వేళ్ళు లేని చోట లోపల మెత్తటి తోలు ముక్క వేసి కుట్టాడు. అమ్మ నెల తిరక్కుండా కట్ట ఎక్కింది. గడప ముందు రెండు కాళ్ళూ విదిలిస్తే చాలు, వచ్చేసేవి. ఆ పెద్ద అరుగు ముందు నుంచి కూడా వాటితోనే నడిచింది. రిటైరయ్యేదాకా తిరిగింది. అడుగులు మార్పించింది గానీ పైతోలు చెక్కు చెదరలేదు. దండగా అని అడిగేవాళ్ళకి ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఆ రోజు తిరుగు రైల్లో అమ్మ తిడుతుందని బాపట్ల నుంచి తెనాలి దాకా కాచుకుని కూర్చున్నాను. అమ్మ కిటికీ పక్కన కూర్చుని జామకాయ కొని, ఉప్పూకారం అద్ది, పెద్ద ముక్క నాకిచ్చింది. తెనాలిలో దిగినప్పుడు నా చెయ్యి పట్టుకుంది, ఆసరా కోసమే అనుకుంటాను. ఇంటికెళ్ళాక నాన్నకీ చెప్పలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది. నా మీద ఎన్నింటికో విసుక్కుంది, ఎన్నింటికో అరిచింది, ఆ ఒక్క మాట మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆవిడ లాగి రెండు దెబ్బలు వేసి ఉంటే ఆ రోజుతో పోయేది, వెయ్యలేదని ఇప్పటికీ నాకు ఆవిడ మీద కోపమే.

తాత అడిగింది చిన్న ప్రశ్న. నేను నిజం చెప్పి ఉంటే, మా అమ్మ పది వేళ్ళతో పోయేది.